చించని కవరు

ఫ్రిస్కో, టెక్సస్
12 ఆగస్టు 2006

మీనాక్షీ,

నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాను. స్టవ్ మీద పాలు పొంగిపోయి, తుడుచుకునేసరికి పావుగంట పట్టింది. నువ్వు జనవరి నుంచి వాషింగ్టన్‌లో ఎల్.ఎల్.ఎమ్. చదవాలనుకుంటున్నావని విని సంతోషంగా ఉందని ఫోన్లో నాలుగుసార్లు అన్నాను. నాలుగుసార్లు అన్నప్పుడే నీకు అర్థమై ఉండాలి. కాగితం మీద మాత్రం అబద్ధం రాయకూడదని మన నియమం కదా, అందుకని రాస్తున్నాను. కుళ్లుకున్నాను. బాగా కుళ్లుకున్నాను.

గుంటూరు లా కాలేజీలో మనిద్దరం మొదటి బెంచీ. టార్ట్స్ పేపర్లో నీకు డెబ్బై ఎనిమిది, నాకు డెబ్బై ఆరు. ఆ రెండు మార్కులకి నీకు పతకం, నాకు ఆంజనేయప్రసాద్ మాస్టారి భుజం తట్టడం. ఐదేళ్లయినా నాకు అది అరగలేదు. ఇప్పుడు నీకు గ్రీన్‌కార్డు కూడా వచ్చింది. నువ్వు ఏమైనా చేసుకోవచ్చు. నేను దివాకర్ వీసా తోకకి కట్టిన మనిషిని. పొద్దున ఎనిమిదికి ఆయన కారు తీసుకుని వెళ్లిపోతే, సాయంత్రం దాకా ఈ వీధిలో నడిచే మనిషి కనబడడు.

అవునూ, నువ్వు ఈ రూల్స్ అన్నీ చదువుతున్నావు కదా, ఒక్కటి చూసి చెప్పు. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదని తెలుసు. చదువుకోవడం కూడా కుదరదా? కుదరదని దివాకర్ ఆఫీసులో ఎవరో అన్నారట. ఆ మాట నిజమేనా, లేక మనవాళ్లు ఒకరి నోట ఒకరు విని చెప్పుకుంటున్నదా? తప్పకుండా రాయి. నిన్ను తప్ప నేను అడగగలిగిన వాళ్లు లేరు.

మీ అమ్మగారు హైదరాబాద్ వెళ్లిపోయాక నీకు గుంటూరులో ఎవరూ లేరు కాబట్టి, నీ మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ మా మామయ్య హనుమయ్యగారు తెస్తారు. ఆయన అక్టోబర్లో వస్తున్నారు. నాది కూడా ఒకటి తీయించమన్నాను. ఎందుకో అడక్కు.

ఇక మన పాత ఆట. సెలవుల్లో పోస్టుకార్డుల మీద ఆడుకున్నట్టే: నేను సంగతి రాస్తాను, నువ్వు లాటిన్ పేరు చెప్పాలి. మా వెనక వీధి కనకదుర్గగారు ఇడ్లీపిండి రుబ్బి ఐస్‌క్రీం డబ్బాల్లో అమ్ముతారు. మొన్న రెండు వీధుల అవతల కృష్ణవేణి అనే ఆవిడ అదే పిండి సగం ధరకి మొదలెట్టింది. కనకదుర్గగారి గరాజ్‌లోని ఫ్రిజ్‌లో డబ్బాలు పులిసిపోతున్నాయి. కేసు ఉందేమో చెప్పమని ఆవిడ నా దగ్గరికి వచ్చారు. ఏం చెప్పాలి?

ఛాయ

*

ఆష్‌బర్న్, వర్జీనియా
3 సెప్టెంబర్ 2006

ఛాయా,

కనకదుర్గగారికి కేసు లేదు. డామ్నమ్ సైనె ఇంజూరియా. నష్టం ఉంది, తప్పు లేదు. పాత బడి పక్కన కొత్త బడి పెట్టి పిల్లల్ని లాక్కున్నాడే, ఆ పంతులి కేసు. మాస్టారు ఆ కేసు చెప్పిన రోజు నువ్వు లేచి, "మరి ఆ పాత పంతులు ఎవరికి చెప్పుకోవాలండీ?" అని అడిగావు. ఆయన సుద్దముక్క కింద పెట్టి, "ఇంట్లో చెప్పుకోవాలమ్మా" అన్నారు. క్లాసంతా నవ్వింది. నువ్వు నవ్వలేదు.

కుళ్లుకున్నానని రాసినందుకు నాకు కోపం రాలేదు. నువ్వు రాయకపోతే అనుమానం వచ్చేది.

ఇక్కడ సంగతులు చెప్పాలంటే, అమర్‌నాథ్‌కి పని ఎక్కువైంది. ఆయన పనిచేసే డేటా సెంటర్‌కి కిటికీలుండవు. సాయంత్రం ఇంటికొచ్చాక కాసేపు వాకిట్లో నిలబడి ఆకాశం చూసి లోపలికి వస్తారు. నా క్లాసులు సాయంత్రాలే ఉంటాయట. మెట్రో స్టేషన్ దాకా డ్రైవ్ చేసుకుని వెళ్లాలి. పెద్ద రోడ్డు ఎక్కడమంటే నాకింకా భయమే. రెడ్‌మండ్ నుంచి మన అనురాధ ఫోన్ చేసింది, రెండో పాప పుట్టింది. మాస్టారు రిటైరై బ్రాడీపేటలోనే ఉంటున్నారట. మోకాళ్ల నొప్పులట.

ట్రాన్‌స్క్రిప్ట్ గురించి ఒక్క జాగ్రత్త. యూనివర్సిటీవాళ్లు కవరు అంటించి, అంటించిన చోట ఊదారంగు స్టాంపు వేసి దాని మీద సంతకం పెడతారు. ఆ కవరు తెరవకుండా నవంబర్ పదిహేనులోపు కాలేజీకి చేరాలి. తెరిచిన కవరుని వాళ్లు చెత్తబుట్టలో వేస్తారు. మామయ్యగారికి ఈ మాట గట్టిగా చెప్పు.

ఇప్పుడు నీ వంతు. ఇక్కడి తెలుగు సంఘం ఎన్నికల్లో రాజారావుగారిని ఓటు వేయనివ్వలేదు, సభ్యత్వం ఉన్నా లిస్టులో పేరు లేదన్నారు. తీరా చూస్తే ఆయన వేద్దామనుకున్న మనిషే గెలిచాడు. అయినా ఆయన ఊరుకోవడం లేదు. ఆయనకి కేసుందా?

మీనాక్షి

*

ఫ్రిస్కో
4 నవంబర్ 2006

మీనాక్షీ,

రాజారావుగారికి కేసుంది. ఇంజూరియా సైనె డామ్నో. నష్టం లేకపోయినా తప్పు తప్పే. హక్కుని కాదన్నారు, అది చాలు. ఇంత తేలికవి పంపకు, నా బుర్రకి ఇంకా తుప్పు పట్టలేదు.

ఒక చెడ్డ కబురు. ఎలా రాయాలో తెలియక వారం రోజులు ఊరుకున్నాను. మామయ్యగారు వచ్చిన రోజు డాలస్‌లో కుండపోత వాన. ఎయిర్‌పోర్ట్ గుమ్మం నుంచి పార్కింగ్‌లో కారు దాకా వెళ్లేసరికి సూట్‌కేస్ తడిసింది. అడుగున ఉన్న నీ కవరు కూడా తడిసింది. అంటించిన చోట ఊడిపోయింది. స్టాంపు రంగు పారింది. ఎంత జాగ్రత్తగా తెమ్మని చెప్పానో! పెద్దాయన, ప్రయాణం బడలిక, ఏం అనగలం. మాస్టారి భాషలో ఇది కల్పా, ఉత్త అజాగ్రత్త. డోలస్ కాదు, కావాలని చేసింది కాదు. నేనే వెళ్లి ఆయన చేతిలోంచి తీసుకుని ఉండాల్సింది.

కవరుని అలాగే పంపుతున్నాను. వాన సంగతి వివరంగా రాసి ఇస్తే కాలేజీవాళ్లు ఒప్పుకుంటారేమో అడిగి చూడు. కావాలంటే నేనూ ఒక లెటర్ రాసి సంతకం పెడతాను. ఇప్పుడు మళ్లీ గుంటూరు నుంచి తెప్పించాలంటే పదిహేనులోపు కుదరదేమో. నాకు అన్నం సహించడం లేదు మీనాక్షీ. నిజంగా.

ఛాయ

*

ఆష్‌బర్న్
20 నవంబర్ 2006

ఛాయా,

కవరు అందింది. పదిహేనో తారీఖు దాటిపోయింది. ఏం చేస్తాం, చూద్దాం.

మామయ్యగారిని ఏమీ అనకు. ఇక్కడ చలి మొదలైంది.

మీనాక్షి

*

ఫ్రిస్కో
16 జనవరి 2007

మీనాక్షీ,

రెండు నెలలైంది. ఫోన్ చేస్తే తీయవు. నీ ఆఖరి ఉత్తరంలో మన ఆట కూడా లేదు. నువ్వు తిట్టినా బాగుండేది. నీ సంవత్సరం పోవడానికి కారణమయ్యానని శనివారాలు ఒంటిపూట తింటున్నాను. దివాకర్ ఎందుకని అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. ఒక్క ముక్క రాయి.

ఛాయ

*

ఫ్రిస్కో
9 మార్చి 2007

మీనాక్షిగారికి,

నిన్న అనురాధ ఫోన్ చేసి మాటల్లో అనేసింది. మీరు జనవరి నుంచే క్లాసులకు వెళ్తున్నారట. మొదటి పరీక్షలో మంచి మార్కులు కూడా వచ్చాయట. అభినందనలు.

ఎంత బాగా ఆడావే! నేను ఇక్కడ ఒంటిపూటలుండి, మామయ్యగారి మొహం చూడలేక, మెయిల్‌బాక్స్ దగ్గరికి రోజూ నడిచి వెళ్లి వస్తుంటే, నువ్వు పుస్తకాలు సంచిలో వేసుకుని మెట్రో ఎక్కుతున్నావా? నా కవరు పనికిరాకపోతే ఇంకొకటి ఎలా వచ్చింది? ఎప్పుడు వచ్చింది? నాకెందుకు చెప్పలేదు? "చూద్దాం" అని రాశావు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను నాలుగు నెలలు ఏడ్చాను.

ఎప్పుడూ అంతే నువ్వు. అందరికీ అన్నీ కష్టపడితే వస్తాయి, నీకు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. పతకం నీకు, గ్రీన్‌కార్డు నీకు, ఇప్పుడు ఇది. కాంట్రాక్ట్స్ పేపరు రెండుసార్లు రాస్తేగాని దాటని దానివి, అమెరికా కాలేజీలో మంచి మార్కులు తెచ్చుకున్నావంటే నవ్వాలో ఏడవాలో నాకు తెలియడం లేదు. ఆ క్లాసులో మొదటి బెంచీలో కూర్చోవాల్సింది నేను. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు.

ఛాయాదేవి

*

ఆష్‌బర్న్
21 మార్చి 2007

ఛాయా,

నీ ఉత్తరం చదివి, అదే పేజీ మళ్లీ చదివి, అప్పుడు కూర్చున్నాను.

నేను కాంట్రాక్ట్స్ తప్పానని ఎవరికీ తెలియదు. ఆ సెప్టెంబర్లో సప్లిమెంటరీ రాయడానికి వెళ్తూ, కామెర్లొచ్చి హైదరాబాద్‌లో మందు తీసుకుంటున్నానని మీ అందరికీ చెప్పాను. నువ్వు నా కోసం చెరుకురసం పంపించావు, గుర్తుందా? తెలిసింది నాకూ, పోయిన మా నాన్నగారికీ. ఇంకెక్కడైనా ఉందంటే ఆ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంది, మార్కు పక్కన "రెండవ ప్రయత్నం" అని. రెస్ ఇప్సా లోక్విటర్. సాక్షులక్కర్లేదు, జరిగిందే మాట్లాడుతుంది.

నిజానికి కవరు చేతికందిన రోజే తెలుసు. సూట్‌కేస్ అడుగున తడిసిన కవరులో కాగితాలు కూడా తడవాలి. ఇందులో అంటించిన అంచు ఒక్కటే ఉబ్బింది, లోపలి కాగితం పెళపెళలాడుతోంది. అది వాన కాదు, ఆవిరి. పైగా అంచుకి ఇడ్లీపిండి మరక ఎండి ఉంది. ఇంత తెలివైనదానివి, ఇడ్లీపాత్ర మూత తుడుచుకోలేదేమే?

మీ మామయ్యగారు నాకు ఫోన్ చేశారు. నువ్వు చేయమని చెప్పి ఉండవు, నీకు తెలియకుండా చేసి ఉంటారు. "ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇరవై నాలుగు గంటలూ ఒళ్లోనే పెట్టుకుని తెచ్చానమ్మా. సూట్‌కేస్‌లో పెట్టనే లేదు. ఎట్టా తడిసిందో నాకే అంతుబట్టట్లా. ముసలాణ్ణి, క్షమించమ్మా" అన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి. నువ్వు చేసిన దాంట్లో నాకు కోపం వచ్చింది ఇక్కడే.

నాకు నష్టమేమీ జరగలేదు. సెప్టెంబర్లో నీకు ఉత్తరం పోస్ట్ చేసిన మర్నాడే మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన మోకాళ్ల నొప్పులతో యూనివర్సిటీకి వెళ్లి, దగ్గరుండి ఇంకో కవరు కొరియర్‌లో పంపించారు. అది అక్టోబర్లోనే కాలేజీకి చేరింది. ఆ సంగతి నీకు రాయలేదు. నువ్వు కుమిలిపోతుంటే చూడాలనిపించింది. చూశాను.

నీ మీద నమ్మకం ఎందుకు లేదో చెప్పాలి కదా. అసలు సంగతి అది.

నీ ఆగస్టు ఉత్తరం దీనితో పంపుతున్నాను. రెండో పేరా తరవాత చూడు, పెన్సిల్‌తో గీత గీశాను. చదువుకోవడం కుదరదా అని అడిగావు. నేను ఇడ్లీపిండి గురించి రాశాను, అమర్‌నాథ్ గురించి రాశాను, అనురాధ పాప గురించి, మాస్టారి మోకాళ్ల గురించి రాశాను. ఆ ఒక్కదానికి జవాబు రాయలేదు. నువ్వు మళ్లీ అడగలేదు. మర్చిపోయాను అనుకున్నావేమో. మర్చిపోలేదు.

కుదురుతుంది ఛాయా. డిపెండెంట్ వీసా మీద చదువుకోవచ్చు, పూర్తిగా చదువుకోవచ్చు. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. జులైలో నా అప్లికేషన్ నింపుతుంటే ఎవరెవరు చేరవచ్చో వీసాల జాబితా కనబడింది. నీ వీసా చూడగానే నువ్వే గుర్తొచ్చావు. ఫోన్ దాకా వెళ్లాను. చేయలేదు.

నేనే నీకలా చేశాను కాబట్టి, నువ్వూ నాకు చేస్తావనిపించింది. పతకం ఇచ్చిన రోజు స్టాఫ్ రూమ్‌లో మాస్టారు నాతో ఒక మాట అన్నారు. "మార్కులు నీకొచ్చాయమ్మా. బుర్ర మాత్రం ఛాయది." ఆయన మెచ్చుకోలుగానే అన్నారు, ఇద్దరినీ. ఆ పతకాన్ని నేను ఇంతవరకూ గోడకి తగిలించలేదు. నువ్వు ఈ దేశంలో ఏ కాలేజీలో కూర్చున్నా, ఎక్కడో ఒకచోట మళ్లీ ఎవరో ఆ మాట అంటారని భయపడ్డాను. నువ్వు ఆ ఇంట్లో పాలు కాచుకుంటూ ఉంటే నేను నిశ్చింతగా చదువుకోగలను అనుకున్నాను. నాకు నీ మీద ఉన్నది నీకు నా మీద ఉన్నదానికంటే ఎక్కువే. నువ్వు రాసేస్తావు, నేను దాచుకుంటాను. అంతే తేడా.

నువ్వు చేసింది తప్పు, నాకు నష్టం లేదు. నేను చేసింది ఏ కోర్టులోనూ తప్పు కాదు. అడిగినదానికి జవాబు చెప్పి తీరాలని చట్టం ఎక్కడా అనలేదు. అబద్ధం కూడా రాయలేదు, మన నియమం తప్పలేదు. కాని నీకు ఏడు నెలలు పోయాయి. ఎవరికి చెప్పుకోవాలని నువ్వు క్లాసులో అడిగావు. నాకు చెప్పు.

మీనాక్షి

*

ఫ్రిస్కో
30 ఏప్రిల్ 2007

మీనాక్షీ,

నెల రోజులు రాయలేదు. ముందు నాలుగు ఉత్తరాలు రాసి చించాను. అవన్నీ తిట్లే, వాటిలో కొన్ని బాగా కుదిరాయి కూడా. పంపనందుకు ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంది.

ముందు నా సంగతి. నీకు ఎంత తెలిసినా నేను రాయాలి. మామయ్యగారు వచ్చిన మూడో రోజు, శనివారం పొద్దున. ఇడ్లీలు పెట్టాను. రెండు కవర్లూ పక్కనే ఉన్నాయి. టార్ట్స్‌లో నీకు నిజంగా డెబ్బై ఎనిమిదేనా అని ఒక్కసారి చూద్దామనిపించింది. మాస్టారు నీకు కావాలని రెండు మార్కులు వేశారేమోనని ఐదేళ్లుగా అనుమానం. చూసి మళ్లీ అంటించేద్దామనుకున్నాను. ఆవిరికి అంచు ఎంత మెత్తగా లేచిందనుకున్నావు! స్టాంపు రంగు పారిందని తెరిచాకే చూశాను. డెబ్బై ఎనిమిదే. దాని కింద కాంట్రాక్ట్స్. మీనాక్షీ, ఆ రోజు ఇడ్లీలు ఎప్పటికంటే బాగున్నాయి. నేను ఎనిమిది తిన్నాను. ఆ తరవాత వాన కథ అల్లాను. డోలస్. కల్పా కాదు.

మామయ్యగారు పోయిన వారం తిరిగి వెళ్లారు. వెళ్లేముందు ఆయనతో చెప్పాను. ఎంత కష్టమైందో నీకు రాయను. ఆయన టీవీ కట్టేశారు. తరవాత నెమ్మదిగా, "అయితే నేను తడపలేదన్నమాట" అన్నారు. అంతే. ఆర్నెల్లూ ఆయన అదే ఆలోచిస్తూ కూర్చున్నారని అప్పుడు తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఎయిర్‌పోర్ట్‌లో నా తల మీద చెయ్యి పెట్టారు. నీకు ఫోన్ చేసి చెప్పమన్నారు, తను జాగ్రత్తగానే తెచ్చానని.

ఇక నీ సంగతి. క్షమించానని రాయను, కాగితం మీద అబద్ధం రాయకూడదు. ఏడు నెలలు. రోజూ ఎనిమిదికి కారు వెళ్లిపోవడం, సాయంత్రం రావడం, ఏడు నెలలు. నీ ముందు నిలబడి అరవాలని ఉంది. అయితే దివాకర్ ఆఫీసులో ఎవరో అన్న మాట నమ్మి, రూలు నేనే చదవకుండా కూర్చున్నందుకు నా మీద కూడా ఎవరో ఒకరు అరవాలి. లా చదివినదాన్ని. ఆ పని నేనే చేసుకుంటున్నాను.

ఆ రోజు రెండు కవర్లున్నాయని రాశాను కదా. రెండోది నాది. ఎందుకో అడక్కు అన్నాను, నువ్వు అడగలేదు. దాన్ని నేను తెరవలేదు. చీరల అడుగున పెట్టాను. స్టాంపు అలాగే ఉంది, సంతకం అలాగే ఉంది. నీ ఉత్తరం వచ్చిన వారానికి దివాకర్ చేత లీవు పెట్టించి డాలస్‌లో ఒక లా కాలేజీకి వెళ్లాను. రూలు అచ్చేసిన కాగితం బల్ల మీద పెట్టి అడిగాను. మొన్న సోమవారం నా అప్లికేషన్‌తో పాటు ఆ కవరు వాళ్ల చేతికే ఇచ్చాను. అక్కడి ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, చించలేదని చూసుకుని ట్రేలో వేసింది. ఆగస్టులో క్లాసులు. సీటు వస్తుందో రాదో తెలియదు. వస్తే మొదటి బెంచీలోనే కూర్చుంటాను.

చివరగా, ఆట మానేశావు కాబట్టి నేనే మొదలెడుతున్నాను. ఒకామెకి ఆమె స్నేహితురాలు కీడు చేసి, అది ఒప్పుకుంటూ ఉత్తరం రాసింది. ఈవిడకి కోపం రావాలి. వచ్చింది. కాని ఉత్తరంలో "నాకు నీ మీద ఉన్నది నీకు నా మీద ఉన్నదానికంటే ఎక్కువే" అన్న వాక్యం దగ్గర ఆగి, దాన్ని మూడుసార్లు చదివింది. వంట చేస్తూ మళ్లీ వచ్చి చదివింది. కాగితం ఇప్పుడు ఆ మడత దగ్గర చిరిగేలా ఉంది. ఆ సుఖానికి లాటిన్‌లో పేరేమిటి?

నీకు తెలిస్తే రాయి. నాకు ముందు తెలిస్తే మాత్రం నీకు చెబుతానని ఆశ పెట్టుకోకు.

ఛాయ